మబ్బుల్లో కుదిరిన వియ్యం

వెంకటరమణమ్మ విమానం ఎక్కడం అదే మొదలు. ఎక్కి కాసేపైనా కాకముందే దిగిపోవాలనిపించింది. భయమేసి కాదు. పక్క సీట్లో పి.గన్నవరం జగ్గయ్యగారు కూర్చుని ఉన్నారు.

ఆయన ముందే వచ్చి నడవా వైపు సీట్లో సర్దుకుని పేపరు విప్పుకున్నారు. ఈవిడ తన నంబరు వెతుక్కుంటూ వచ్చి, ఆ బట్టతల చూసి నిలబడిపోయింది. ఆయనా తలెత్తి చూశారు. వెనక జనం తోసుకొస్తుంటే ఇక తప్పక లేచి దారిచ్చారు. ఆవిడ చీర కుచ్చిళ్ళు దగ్గరికి పట్టుకుని, ఆయనకి తగలకుండా కిటికీ పక్క సీట్లోకి వెళ్ళి కూలబడింది. జగ్గయ్యగారు పేపరుని ఈసారి మొహానికి మరింత దగ్గరగా ఎత్తిపట్టుకున్నారు.

రెండు వేల ఏడు వేసవి అది. హైదరాబాదు బేగంపేట నుంచి రాజమండ్రికి, రెక్కలకి పంకాలున్న చిన్న విమానాలు తిరుగుతున్న రోజులు. ముందుగా కొనుక్కుంటే రైల్లో ఏసీ టిక్కెట్టుకీ దానికీ పెద్ద తేడా లేదని కోనసీమలో అందరూ చెప్పుకుంటున్నారు. కూతురు లావణ్య హైదరాబాదులో కంప్యూటర్ల కంపెనీలో పనిచేస్తోంది. కొత్త ఇంట్లోకి మారిందని సామాను సర్దిపెట్టడానికి పలివెల నుంచి రైల్లో వెళ్ళిన తల్లిని, తిరుగు ప్రయాణం విమానంలోనే చెయ్యాలని పట్టుబట్టి ఎక్కించింది.

లావు నడుము మీదుగా బెల్టు ఎలా పెట్టుకోవాలో తెలియక వెంకటరమణమ్మ తడుముకుంటుంటే, విమానంలో పనిచేసే అమ్మాయి వచ్చి నవ్వుతూ పెట్టి, చివర లాగి బిగించి వెళ్ళింది. విప్పడం ఎలాగో చెప్పలేదు. అడిగేలోపు అమ్మాయి ముందుకెళ్ళిపోయింది. పక్కాయన్ని అడగొచ్చు. ఆయన తన బెల్టుని చిటుక్కున పెట్టుకున్నారు, తెలిసినవారే. కానీ జగ్గయ్యగారిని ఒక మాట అడగడం కన్నా రాజమండ్రి దాకా ఆ బెల్టులోనే బిగుసుకుని కూర్చోవడం నయమనుకుంది ఆవిడ.

వాళ్ళిద్దరికీ అంత చెడడానికి కారణం ఒక కారు బంపరు.

లావణ్యకి జగ్గయ్యగారి రెండో అబ్బాయి దుర్గాసాయితో సంబంధం కుదిరింది. అబ్బాయిదీ హైదరాబాదులోనే ఉద్యోగం. పిల్లలిద్దరూ చూసుకున్నారు, ఇష్టపడ్డారు. ఇవతల కొబ్బరితోటలు, అవతలా కొబ్బరితోటలు. ఎవరూ ఎవరి ముందూ తగ్గాల్సిన పని లేదు. మాఘమాసంలో తాంబూలాలు పుచ్చుకుందామనుకున్నారు. అప్పటికే వెంకటరమణమ్మ ఆయన్ని నోరారా అన్నయ్యగారనీ, ఆయన ఈవిడని చెల్లెమ్మగారనీ పిలుచుకోవడం మొదలైపోయింది.

తాంబూలాల రోజున జగ్గయ్యగారు కొత్తగా కొన్న కారులో, బంధువులందర్నీ వెంటేసుకుని వచ్చారు. వెంకటరమణమ్మ ఇంటి ముందు సందులో, తోటకి నీళ్ళు పెట్టిన మోటారు ఎవరూ ఆపక, గట్టు తెగి దారంతా బురదైపోయింది. కారు ముందు చక్రాలు రెండూ దిగబడిపోయాయి. ఆవిడ మర్యాదకి లోటు రాకూడదని వెంటనే ట్రాక్టరు పంపించింది. ట్రాక్టరు తోలే అంజిబాబు బురదలో వంగి చూసి, చేతికందిన చోట గొలుసు తగిలించి, బండి ముందుకి ఉరికించాడు. కారు రాలేదు. బంపరు వచ్చేసింది. అది వెనక ఈడ్చుకొస్తుంటే అంజిబాబు చూసుకోకుండా వీధి గుమ్మం దాకా వచ్చేశాడు. అక్కడ పెళ్ళివారికి ఎదురు వెళ్ళడానికి పన్నీరు బుడ్డితో నిలబడ్డ ఆడవాళ్ళు నవ్వాపుకోలేకపోయారు.

కొత్త కారు, అందరి ముందూ. జగ్గయ్యగారికి మొహం ఎర్రబడిపోయింది. ఆయన బావగారు వీరవెంకటసత్యనారాయణ అని ఒకాయన ఉన్నారు, శకునాలు చూడందే గడప దాటరు. ఆయన వెంటనే ఇది మంచిది కాదన్నారు. జగ్గయ్యగారు దానికి తోడు, మీ దారి ఇలా ఉందేమిటండీ అన్నారు. వెంకటరమణమ్మ ఊరుకోవాల్సింది. మా దారిలో ఎడ్లబళ్ళు కూడా వస్తున్నాయండీ, వాటికేమీ ఊడిపోలేదు అంది. ఇక అంతే. తెచ్చిన పళ్ళాలు తెచ్చినట్టే వెనక్కి వెళ్ళిపోయాయి. ఆవిడ భర్త త్రిమూర్తులుగారు మెత్తటి మనిషి. బురదలో పంచె ఎగ్గట్టుకుని జగ్గయ్యగారి వెనకే సందు చివరిదాకా నడిచి బతిమాలారు. ఆయన ఆగలేదు.

అప్పట్నుంచి ఇద్దరూ ఎదురుపడింది ఇదే. అదీ పక్కపక్కన, మోచేతులు ఆనేంత దగ్గరగా.

విమానం పైకి లేచింది. వెంకటరమణమ్మ కిటికీలోంచి చూసేసరికి ఊరు చిన్నదైపోతోంది. చూడ్డానికి బాగుంది. ఆ మాట ఎవరితోనైనా అనాలనిపించింది. పక్కనెవరున్నారో గుర్తొచ్చి మింగేసింది.

పైకి వెళ్ళి విమానం నిలకడ పడ్డాక నెత్తిమీద బెల్టు బొమ్మ దీపం ఆరింది. జగ్గయ్యగారు బెల్టు విప్పేసి లేచారు. వేరే సీటు ఉంటే ఇప్పించమని వెనక అమ్మాయిని అడగడం ఆవిడకి వినబడింది. ఖాళీల్లేవండీ అని ఆ అమ్మాయి చెప్పడమూ వినబడింది. సీటు మారదామన్న ఆలోచన తనకీ ఉంది గాని తనకి బెల్టు విప్పడం రాదు. ముందు ఆయన అడిగేశారే అని ఆవిడకి రోషం వచ్చింది.

ఆయన వెంటనే రాలేదు. వెనక ఎవరో తెలిసినాయన కనిపిస్తే సీటు పట్టుకుని నిలబడి మాట్లాడుతున్నారు. ఇంతలో అమ్మాయి టీలు అమ్ముకుంటూ బండి తోసుకొచ్చింది. దానికి దారివ్వాలని జగ్గయ్యగారు ముందుకి నడిచి తన సీటు దగ్గరికొచ్చి, కూర్చోవాలా వద్దా అన్నట్టు ఒక్క క్షణం నిలబడ్డారు.

బయట ఆకాశం తేటగానే ఉంది. దూరంగా తూర్పున నల్లగా ఏదో కనిపిస్తోంది, అంతే. కిందెక్కడో కొండలున్నాయి. ముందుగా చిన్న వణుకైనా లేదు, హెచ్చరికా లేదు. ఉన్నట్టుండి విమానం కింద నేల తీసేసినట్టయింది.

వెంకటరమణమ్మ నడుముని బెల్టు కోసేసినంత గట్టిగా పట్టేసింది. ఒళ్ళో ఉన్న చేతిసంచీ తనంతట తను లేచి వెళ్ళిపోయింది. పక్కకి చూస్తే జగ్గయ్యగారి చెప్పులు నేలమీద లేవు. ఆయనే నేలమీద లేరు. మనిషి నిలువునా పైకి లేచిపోతున్నారు, కళ్ళు పెద్దవి చేసుకుని, ఎందుకు లేస్తున్నానా అని ఆశ్చర్యపోతున్నట్టు. పైన సామాన్లు పెట్టే అలమర అంచుకి తల ఠప్పున కొట్టుకుంది.

"అన్నయ్యగారూ" అంటూ ఆవిడ చెయ్యి చాచి అందిన చోట పట్టేసుకుంది. అందింది ఆయన చొక్కా, దాని కింద మోచెయ్యి.

పట్టుకున్న మరుక్షణం విమానం పైకి ఎగిసింది. పైనున్న మనిషి బస్తాలా కింద పడ్డారు. భుజం సీటు చేతికి తగిలింది. దానికీ ఆయనకీ మధ్య ఆవిడ కుడి మణికట్టు ఇరుక్కుంది. లోపల ఏదో పుటుక్కుమంది. నొప్పి వెంటనే తెలియలేదు. తెలిసేలోపు విమానం మళ్ళీ కిందికి జారడం మొదలుపెట్టింది.

చుట్టూ కేకలు. టీ బండి పక్కకి ఒరిగిపోయి, వేడి నీళ్ళు మీదపడ్డ ఒకాయన కాళ్ళు పట్టుకుని అరుస్తున్నాడు. అమ్మాయి రెండు సీట్ల మధ్య పడిపోయి లేవలేకపోతోంది. ముందు వరసలో బెల్టు పెట్టుకోని కుర్రాడి నుదురు పగిలి రక్తం కారుతోంది. అందరికీ వినబడేలా డ్రైవరుగారెవరో మైకులో, కూర్చోండి, బెల్టులు పెట్టుకోండి అంటున్నారు. జగ్గయ్యగారు నడవాలో మోకాళ్ళ మీద ఉన్నారు. నెత్తి మీంచి రక్తం కణత మీదికి వస్తోంది. ఆయన చెయ్యూని లేవబోయారు.

"లేవకండి" అంది వెంకటరమణమ్మ. "అక్కడే కూచుండిపోండి. ఈ సీటు కాలు పట్టుకోండి."

ఆయన రెండు సీట్ల మధ్య ఇరుక్కుని, ఎడమచేత్తో సీటు కాలు కావలించుకున్నారు. ఆయన కుడిచెయ్యి లేవడం లేదు. ఆవిడ ఒరిగిపోయి, ఎడమచేత్తో ఆయన కాలరు మెలేసి పట్టుకుంది. ఆ తరవాత విమానం ఇంకోసారి పడింది, మళ్ళీ లేచింది. పడినప్పుడల్లా ఆయన పైకి తేలడం ఆవిడకి చేతికి తెలుస్తోంది. ఆవిడ బెల్టు ఆవిణ్ణి పట్టుకుంటే, ఆవిడ ఆయన్ని పట్టుకుంది. ఏ దేవుణ్ణి తలుచుకోవాలో తోచక, పలివెల ఉమాకొప్పులింగేశ్వరుణ్ణి ఒక్కణ్ణే పదేపదే పిలుచుకుంది.

కొంతసేపటికి ఆయన కింది నుంచి నీరసంగా, "ఇంకా ఎంతసేపండీ చెల్లెమ్మగారూ" అని అడిగారు.

"నేనేవన్నా తోలుతున్నానేంటండీ అన్నయ్యగారూ" అంది ఆవిడ.

ఆ మాటకి ఆయన నవ్వారు. నవ్వితే భుజం కలుక్కుమని అబ్బా అన్నారు. అబ్బా అంటూనే మళ్ళీ నవ్వారు. ఆవిడకి ఏడుపొస్తోందో నవ్వొస్తోందో తెలియలేదు. కాలరు మాత్రం వదల్లేదు. కుదుపులు తగ్గిపోయాక, లేచి సీట్లో కూర్చోవచ్చని వెనకాయన చెప్పినా ఇద్దరూ వినలేదు. నేల మీద చక్రాలు ఆనిన తరవాతే ఆవిడ వేళ్ళు విప్పింది. అప్పటికి అవి కొయ్యబారిపోయి ఒక్కొక్కటీ విడదియ్యాల్సి వచ్చింది. బెల్టు కూడా జగ్గయ్యగారే కింద కూర్చుని ఎడమచేత్తో విప్పారు. ఇంత తేలికా అనుకుంది ఆవిడ.

మధురపూడి విమానాశ్రయంలో అప్పటికే అంబులెన్సులు వచ్చి ఉన్నాయి. దెబ్బలు తగిలినవాళ్ళని రాజమండ్రిలో ఒక ఆస్పత్రికి తీసుకెళ్ళారు. కాళ్ళు కాలినాయన, నుదురు పగిలిన కుర్రాడు, విమానంలో అమ్మాయి, వీళ్ళిద్దరూ, ఇంకొందరు. ఎవరికీ ప్రాణం మీదికి రాలేదు. డాక్టరుగారు చూసి, బెల్టులు పెట్టుకున్నవాళ్ళకి గీతైనా పడలేదు, పెట్టుకోనివాళ్ళే అందరూ ఇక్కడున్నారు అన్నారట. వెంకటరమణమ్మని చూసి మాత్రం, మరి ఈవిడకేమైందని అడిగారు.

వివరాలు రాసుకునేది హన్నా అనే నర్సు. రాజోలు ఆవిడ. వయసులో వెంకటరమణమ్మ కన్నా కాస్త చిన్న. ఎంత హడావుడిలోనూ కంగారు తెలియని మనిషి. ఎముకల ఫొటో తీయించాలంటే, కట్టు కట్టాలంటే, దగ్గర మనిషి ఎవరైనా ఉండాలి. జగ్గయ్యగారి తలకి కుట్లు వేసేటప్పుడు కళ్ళు తిరిగిపోయాయి. ఆయనకి షుగరుందా, బీపీ ఉందా, ఏ మందులు వాడతారు అని హన్నా అడుగుతుంటే ఆయన ముక్కుతూ మూలుగుతున్నారు. పక్క మంచం మీద కూర్చున్న వెంకటరమణమ్మే సమాధానాలు చెప్పింది. షుగరుంది, పొద్దున్న ఒక మాత్ర, పంచదార లేని కాఫీ. సంబంధం మాటలప్పుడు ఈయనకి ఏం పెట్టాలో, ఏం పెట్టకూడదో కనుక్కుని కంఠస్థం చేసింది కదా, అవి ఇంకా మరిచిపోలేదు.

హన్నా ఆవిడ వంక తిరిగి, "ఈయన మీకేవవుతారండీ?" అని అడిగింది.

వెంకటరమణమ్మ ఆయన వంక చూసింది. ఏమవుతారు? ఏమీ కారు. పక్క సీటాయన అనొచ్చు. ఊరివాడు అనొచ్చు, ఊరు వేరైనా. జగ్గయ్యగారు కళ్ళు మూసుకునే ఉన్నారు గాని మూలగడం ఆపేశారు.

"మా వియ్యంకుడుగారండీ" అంది ఆవిడ.

"ఆయ్, అలా చెప్పండి మరి" అంటూ హన్నా రాసుకుని వెళ్ళిపోయింది.

పంకా తిరుగుతోంది. అవతల కాళ్ళు కాలినాయన ఇంటికి ఫోను చేసి, ఏమీ కాలేదు, ఏమీ కాలేదు అని గట్టిగా అరుస్తున్నాడు.

"బంపరు పోయినందుక్కాదండి నాకు కోపం" అన్నారు జగ్గయ్యగారు కళ్ళు తెరవకుండానే. "అందరూ నవ్వేరండి."

"నేనూ నవ్వేనండి అన్నయ్యగారూ. కొంగడ్డం పెట్టుకుని" అంది ఆవిడ.

"చూసేనండి."

"నవ్వు వచ్చింది మరి. ఆ అంజిబాబు వెనక్కి చూసుకోకండా పట్టాభిషేకానికెళ్తున్నవాడిలా వచ్చేస్తుంటే, వెనక అది గంటలు వాయించుకుంటా వస్తంటే..."

జగ్గయ్యగారి ఛాతీ కదలడం మొదలుపెట్టింది. కుట్లు లాగుతున్నాయనీ, నవ్వించొద్దనీ ఆయన చేత్తో సైగ చేశారు. ఆవిడ మాట ఆపేసింది గాని, ఆపేసిన కొద్దీ ఇద్దరికీ మరీ ఎక్కువైపోయింది. హన్నా పరుగున వచ్చి, తల మీద కుట్లున్న మనిషిని నవ్వించే వియ్యపురాల్ని ఇప్పుడే చూస్తున్నానని కోప్పడి, మధ్యలో తెర లాగేసింది.

ఫొటోలు తీస్తే జగ్గయ్యగారికి కంఠం పక్క ఎముక విరిగింది. వెంకటరమణమ్మకి మణికట్టు. ఆయనకి భుజాలు వెనక్కి లాగి కట్టేశారు, ఈవిడకి చేతికి సిమెంటు కట్టు వేశారు. ఎలా విరిగిందని డాక్టరుగారు అడిగితే, మనిషిని పట్టుకుంటే విరిగింది అని చెప్పింది. వదిలేస్తే విరిగేది కాదు కదండీ అన్నారాయన మాటవరసకి. తెర అవతల నుంచి జగ్గయ్యగారు, వదిలేస్తే నేను విరిగేవాణ్ణండీ అన్నారు.

ఇక ఇళ్ళవాళ్ళు వచ్చాక ఈ రాజీ సంగతి ఎలా చెప్పాలా అని ఇద్దరికీ బెంగ పట్టుకుంది. త్రిమూర్తులుగారు ఏమీ అనరు గాని, జగ్గయ్యగారి భార్య నూకాలమ్మగారు మాట పట్టింపు మనిషని ఊళ్ళో పేరు. ముందు నేను చెబుతానని ఆయన, కాదు నేనే దణ్ణం పెట్టి అడుగుతానని ఈవిడ తెరకి అటూ ఇటూ నుంచి అనుకుంటూండగా, సాయంత్రానికి వాళ్ళిద్దరూ ఒక్క కారులోనే దిగారు.

విమానం సంగతి తెలియగానే త్రిమూర్తులుగారే పి.గన్నవరం ఫోను చేశారట. మీవారూ మా ఆవిడా ఒకే విమానంలో ఉన్నారట, నేను బస్సులో బయల్దేరుతున్నాను, మీరు వస్తారా అని. నూకాలమ్మగారు, బస్సెందుకండీ అన్నయ్యగారూ, మేం మీ ఊరి మీంచేగా వెళ్ళాలి, గుమ్మంలో ఉండండి అన్నారట. ఆ బురద సందులోకే కారు పంపించి ఎక్కించుకున్నారు. ఎండాకాలం, దారి రాయిలా ఉంది. రావులపాలెం దాటేసరికి ఇద్దరూ పిల్లల గురించి మాట్లాడుకోవడం మొదలెట్టి, జొన్నాడ వంతెన మీద గోదావరి చూస్తూ, విమానంలో వచ్చిన ఇద్దరికీ ఏమీ కాకపోతే శ్రావణంలో పెళ్ళి చేసేద్దామని అనేసుకున్నారట. ఆస్పత్రిలో వీళ్ళు నోరు విప్పే లోపల నూకాలమ్మగారు వెంకటరమణమ్మ కట్టు చెయ్యి పట్టుకుని, మీరు పట్టుకోబట్టి వదినగారూ అంటూ కళ్ళకద్దుకున్నారు. వెంకటరమణమ్మ కళ్ళనీళ్ళు తుడుచుకోవడానికి కుడిచెయ్యి ఎత్తబోయి, కట్టు బరువుకి ఎత్తలేక నవ్వేసింది. త్రిమూర్తులుగారు ఫ్లాస్కులోంచి కాఫీ పోసి, పంచదార లేనిది ముందు జగ్గయ్యగారికి అందించారు.

మర్నాడు పొద్దున్నే గౌతమి ఎక్స్‌ప్రెస్ దిగి పిల్లలిద్దరూ వచ్చారు. కలిసే వచ్చారు. వచ్చినవాళ్ళు సంతోషంగా పెద్దవాళ్ళని చూడక, నేరం చేసినవాళ్ళలా గుమ్మం దగ్గరే ఆగిపోయారు. విషయమేమిటంటే ఆ పక్కపక్క సీట్లు కాకతాళీయం కాదు. దుర్గాసాయి తండ్రిని కంటి డాక్టరుకి చూపించడానికి పిలిపించాడు. లావణ్య తల్లిని ఇల్లు సర్దడానికి పిలిపించింది. ఇద్దరికీ ఒకే రోజు ఒకే విమానానికి టిక్కెట్లు తీసుకుని, బేగంపేటలో కౌంటరు దగ్గరున్న స్నేహితురాలిని అడిగి పక్కపక్క సీట్లు వేయించారు. గంటసేపు పక్కనే కూర్చుంటే ఏదో ఒక మాట రాకుండా ఉంటుందా అనుకున్నారు.

"సీట్లు మేవే వేయించేం నాన్నగారూ. మిగతాది మాకు తెలీదు" అన్నాడు దుర్గాసాయి తల వంచుకుని.

లావణ్య రాత్రంతా రైల్లో ఏడ్చినట్టుంది, కళ్ళు వాచిపోయి ఉన్నాయి. తన వల్లే అమ్మ చెయ్యి విరిగిందని ఒకటే అంటోంది. వెంకటరమణమ్మ కూతుర్ని మంచం మీద కూర్చోబెట్టుకుని ఎడమచేత్తో వీపు నిమిరింది. ఎవరి పక్కన కూర్చున్నా ఆ కుదుపు వచ్చేదే. ఈయన పక్కన వేరే ఎవరైనా ఉంటే పట్టుకునేవారో లేదో. ఆ మాట పైకి అనలేదు గాని, మనసులో అనుకుని, అలా అనుకున్నందుకు కొంచెం గర్వపడింది.

అంతా సర్దుకుందనుకునేసరికి మధ్యాహ్నం బస్సు దిగి వీరవెంకటసత్యనారాయణగారు వచ్చారు. పళ్ళు తెచ్చారు, బావమరిది కట్టు చూసి బాధపడ్డారు. పెళ్ళి మాట చెవిన పడగానే కుర్చీ ముందుకి జరుపుకుని, మొదటిసారి బంపరు పోయింది, రెండోసారి ఎముక పోయింది, ఇక మూడోసారి ఏమవుతుందో ఆలోచించుకోండి అన్నారు. నూకాలమ్మగారు మొగుడి వంక చూశారు. దుర్గాసాయి గోడ వంక చూశాడు. వెంకటరమణమ్మకి గుండె దడదడలాడింది. నిన్న విమానంలో కూడా అంత దడ లేదు.

జగ్గయ్యగారు మెడ తిప్పలేరు కాబట్టి, ఒళ్ళంతా బావగారి వైపు తిప్పారు.

"బావగారూ, పైకెళ్ళి కిందపడింది నేనండి. శకునవేంటో నాకు తెలిసినట్టు మీకు తెలీదు" అన్నారు. "నెత్తి కొట్టుకున్నాక నాకు ఏవీ కనపడలేదు. కాలరు పట్టుకున్న చెయ్యొకటి తెలుస్తా ఉంది. అంతేనండి. ఆ ఇంటి పిల్లని మా ఇంటికి వద్దనమంటారా?"

వీరవెంకటసత్యనారాయణగారు చెడ్డమనిషి కాదు. జేబులోంచి చిన్న పంచాంగం తీసి, శ్రావణంలో శుక్లపక్షమే మంచిదని చెప్పి, ఆ పని తనకే వదిలేయమన్నారు. త్రిమూర్తులుగారు లేచి ఆయనకీ కాఫీ పోశారు.

పెళ్ళి పలివెలలోనే జరిగింది. కట్లు అప్పటికి విప్పేశారు. అయినా వెంకటరమణమ్మ మణికట్టు పూర్తిగా తిరగడం లేదు. కన్యాదానంలో అల్లుడి కాళ్ళమీద నీళ్ళు పొయ్యాలంటే చెంబు ఎడమచేత్తో పట్టుకోవాల్సి వచ్చింది. పురోహితుడు కుడిచేత్తో పొయ్యాలమ్మా అన్నాడు. పక్కనుంచి జగ్గయ్యగారు, ఆ చెయ్యి పని అయిపోయిందండీ, ఈ చేత్తోనే కానివ్వండి అన్నారు. పిలిచి మరీ రప్పించిన హన్నా వెనక వరసలో కూర్చుని అది విని పగలబడి నవ్వింది. పెళ్ళిలో వచ్చినవాళ్ళందరూ ఆ విమానం కథ అడిగారు. జగ్గయ్యగారు చెప్పినప్పుడల్లా ఆయన ఇంకాస్త పైకి ఎగిరేవారు. వెంకటరమణమ్మ దిద్దబోయి, పోన్లే పెళ్ళిరోజు అని వదిలేసేది.

కార్తీకంలో కొత్త దంపతుల ఇల్లు చూడ్డానికి హైదరాబాదు వెళ్ళాలన్న మాట వచ్చింది. పడి లేచిన ఇద్దరూ రైలే మేలన్నారు. త్రిమూర్తులుగారు ఎప్పుడూ దేనికీ ఎదురు చెప్పనివారు, గొంతు సవరించుకుని, తాను విమానంలో వెళ్తానన్నారు. ఎన్నాళ్ళనుంచో ఎక్కాలని ఉందట. అడిగేవారెవరూ లేక అనలేదట. అది విని నూకాలమ్మగారు, అయితే అన్నయ్యగారితో నేనూ వస్తానన్నారు.

వెంకటరమణమ్మ, జగ్గయ్యగారు అడ్డు చెప్పలేదు. అయితే వారం రోజులు వాళ్ళిద్దరినీ కారులో కూర్చోబెట్టి బెల్టు పెట్టడం, తియ్యడం నేర్పించారు. దీపం ఆరినా విప్పకూడదు, టీ తాగకూడదు, తెలిసినవాళ్ళు కనిపించినా లేవకూడదు. త్రిమూర్తులుగారు అన్నిటికీ ఆయ్, అలాగే అన్నారు.

వాళ్ళని మధురపూడిలో ఎక్కించి, తాము మర్నాటి రైలుకి బయల్దేరుదామని ఇంటికొచ్చిన దగ్గర్నుంచీ వెంకటరమణమ్మ ఫోను పక్కనుంచి కదల్లేదు. మోగీ మోగగానే ఎత్తింది. అవతల త్రిమూర్తులుగారి గొంతు హుషారుగా ఉంది.

ఏమైనా కుదిపిందా అని అడిగింది. లేదన్నారు. భయమేసిందా అంది. లేచేటప్పుడు గోదావరి మీద వంతెనలన్నీ కనిపించాయట, బ్రహ్మాండంగా ఉందట. మన పలివెల కూడా కనిపిస్తుందేమోనని చూశారట గాని విమానం అటు తిరగలేదట. అదొక్కటే వెలితి.

"మరి తరవాతేం చేసేరండీ?" అంది ఆవిడ.

"ఏవుందే. బెల్టు గట్టిగా పెట్టుకుని నిద్దరోయేను" అన్నారు త్రిమూర్తులుగారు. "వచ్చేటప్పుడు కిటికీ పక్క సీటు చెల్లెమ్మగారికిచ్చేస్తానని మాటిచ్చేను. ఆవిడకి ఏవీ కనపళ్ళేదట పాపం."